డాబా మీద ఉద్దానం

మా ఇంటికి పెరడు లేదు. ఆ మాటకొస్తే ఇల్లూ మాది కాదు. శ్రీకాకుళంలో ఒక డాబా పైన రెండు అద్దె గదులు, వాటి ముందు కాస్త ఖాళీ. ఆ ఖాళీలోనే మా అమ్మ తోట వేసింది. తోట అనగానే మిత్రులు నవ్వుతారు. నవ్వనివ్వండి. అమ్మ చేతి బీరకాయ కూర తిన్నవాడెవడూ రెండోసారి నవ్వలేదు.

మాది పలాస దగ్గర ఉద్దానంలో ఓ పల్లె. ఉద్యానవనమే ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడి, పనస కలిసిపోయి, ఎండ నేల మీద పడడానికి దారి వెతుక్కునేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు చేరువలోనే తీరం దాటింది. నేనప్పుడు ఎనిమిదో తరగతి. తెల్లారి చూస్తే మా అరెకరం తోటలో ఎక్కడ నిలబడినా ఆకాశమే. కొబ్బరి మళ్లీ పాతితే కాపుకు ఐదారేళ్లు. అంతవరకు తినడమెలా? నాన్న పట్నం వచ్చి ఆటో పట్టాడు.

కొత్తలో అమ్మ గోడకేసి చూస్తూ కూచునేది. ఒకనాడు నాన్న నీళ్లకని ఖాళీ రంగు డబ్బా తెచ్చాడు. అమ్మ మేకు ఎర్రగా కాల్చి దాని అడుగున కన్నాలు పెట్టేసింది! నాన్న లబోదిబోమన్నాడు.

"మట్టి నేదని ఊరుకుంటే సెయ్యి మరిసిపోద్ది" అంది అమ్మ.

డబ్బా సేద్యంలో మొదటి పాఠం ఆ కన్నమే. నీళ్లు ఎవరైనా పోస్తారు. అవి బయటికెళ్లే దారి లేకపోతే వేరు కుళ్లిపోతుంది. కన్నం మీద పెంకుముక్క, దానిపైన ఎర్రమట్టి, మాగిన గెత్తం, ఇసుక కలిపి పోయాలి. మట్టి తక్కువ గనుక వేసవిలో రెండు పూటలా తడపాలి. తోటకూర నెలలో కోతకొచ్చింది. బీరపిందెలు మాత్రం రాలిపోయేవి. మా డాబా మీదకి తేనెటీగలు అంతగా వచ్చేవి కావు మరి! బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. కాలేజీ నుంచి రాగానే మగపువ్వు తెంపి, కింద పిందె ఉన్న ఆడపువ్వుకు తాకించడం నా డ్యూటీ.

ఇంటామె కింద గదిలోకి చెమ్మ దిగుతోందని డబ్బాలు తీసేయమంది. అమ్మ వాదించలేదు. అన్నిటినీ గోడవారకు జరిపి, ఇటుకల మీదకెక్కించి, అడుగున పళ్లేలు పెట్టింది. చెమ్మ ఆరింది. ఇప్పుడామె పూజకు బంతిపూలు మావే.

అసలు సంగతి చివరి బక్కెట్టుది. అరెకరం అమ్మేస్తే నా చదువుకు చేసిన అప్పు తీరుతుందని నాన్న అన్నాడు. బేరమూ వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు. ఊరెళ్లి మొలకెత్తిన కొబ్బరికాయ ఒకటి తెచ్చి బక్కెట్లో పెట్టింది. ఏడాది తిరిగింది. మొన్న దాని వేరు కన్నంలోంచి బయటికొచ్చింది. నాన్న బక్కెట్టు ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఇది ఇందులో ఉండదే" అన్నాడు.

"ఉంటాదని నానెప్పుడన్నాను?" అంది అమ్మ.

తొలకరికి ఊరెళ్తున్నాం. మూడడుగుల గొయ్యి తాను తీస్తానన్నాడు నాన్న. బేరం మాట మళ్లీ ఎత్తలేదు. అప్పు అలాగే ఉంది. నేను ట్యూషన్లు మొదలెట్టాను.

హాస్టలు మిత్రులారా! కిటికీలో పగిలిన మగ్గుంటే పారేయకండి. అడుగున ఓ కన్నం పెట్టి, గుప్పెడు మెంతులు చల్లి చూడండి. చెయ్యి మరిచిపోదు.