నాన్న చదవలేని పోస్టర్

ఇప్పుడంటే పత్రికలకు రాసుకుంటున్నాను గానీ, 2011లో నేను మాసాబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో అప్లయిడ్ ఆర్ట్ విద్యార్థిని. కాలేజీ ఎగ్జిబిషన్‌లో ఓ సినిమా పోస్టర్ పెట్టాను. లేని సినిమాకి నేనే పేరు పెట్టాను, 'వెర్రి వెన్నెల' అని! అక్షరాలు తీగల్లా అల్లుకుపోయాయి. అందరూ భేష్ అన్నారు.

ఊరినుంచి వచ్చిన నాన్న మాత్రం, "బొమ్మ బాగుందిరా. ఇంతకీ సినిమా పేరేమిటి?" అన్నాడు. స్నేహితులు ఘొల్లున నవ్వారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను.

చదువయ్యాక ఓ పబ్లిసిటీ ఆఫీసులో చేరాను. నేను రాసిన మొదటి టైటిల్‌ని పెద్ద డిజైనర్ గారు ఎదుటి గోడకి అంటించి, "స్కూటర్ మీద వెళ్తూ చదువు" అన్నారు. చదవలేకపోయాను... నా అక్షరాలే!

"ఎగ్జిబిషన్‌లో మనిషి ఆగి చూస్తాడు బాబూ. రోడ్డు మీద ఆగడు. బాపు గారి అక్షరాలు చూడు. ఎన్ని వంపులు తిరిగినా ఒక్క ఒత్తూ తప్పిపోదు!"

'సాక్షి'తో 1967లో దర్శకుడు కాకముందే బాపు గారు పత్రికల్లో బొమ్మలు వేసినవారు. ఆ రాత్రంతా ఆయన అక్షరాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను.

కొన్నాళ్ళకి నాన్నా నేనూ బస్సులో వెళ్తున్నాం. గోడమీది పోస్టర్ చూసి నాన్న పేరు గట్టిగా చదివేసి, "ఎవరో తెలిసినవాడు రాశాడురా!" అన్నాడు.

నాదేనని చెప్పలేదు. ఆనాడు నవ్వినందుకు ఆ మాత్రం శిక్ష ఉండొద్దూ!