లంగరు ముడి

మామిడితోటల నడుమ పెరిగినవారికి పడవతో పరిచయం తక్కువ. మా ముసునూరు ప్రాంతంలో బలివె ప్రక్కగా ప్రవహించే తమ్మిలేరు వేసవి వచ్చేసరికి ఇసుకదారిగా మారిపోతుంది. కానీ ఆ యేరే దిగువకు సాగి కొల్లేటిలో కలుస్తుంది. నా బాల్యంలో నేను మరువలేని పాఠం నేర్చుకున్నది ఆ సరస్సులోనే.

ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో, ఒక కార్తికమాసంలో, కొల్లేటి ఒడ్డున ఉన్న మా మేనత్తగారి ఊరు వెళ్ళాను. అక్కడ ఒక వృద్ధ జాలరి నన్ను తన తాటిదోనెలో ఎక్కించుకున్నాడు. తాటిమాను మొదలును చీల్చి, లోపలి దవ్వను తొలిచి చేసే ఇరుకైన దోనె అది. కొంచెం ఒరిగితే చాలు, నీరు లోపలికి వస్తుంది. కొల్లేరు లోతు తక్కువ కనుక అక్కడ ఇనుప లంగరుతో పనిలేదు. వెదురుగడను బురదలో లోతుగా గుచ్చి, దోనెను దానికి కట్టివేస్తారు.

“ముందుకొసకు కట్టు బాబూ” అని చెప్పి తాత వల సర్దుకోసాగాడు. నాకు ఈత రాదు. లేచి ముందుకు వెళ్ళాలంటే భయం వేసింది. కూర్చున్న చోటనే, దోనె నడుమనున్న అడ్డుకర్రకు తాడు చుట్టి, గట్టిగా మూడు పీటముడులు వేశాను.

అంతలో గాలి లేచింది. నడుమ కట్టిన దోనె గాలికి అడ్డం తిరిగింది. అలలు ప్రక్క అంచును దాటి లోపలికి దూకాయి. దోనె ఒరిగేకొద్దీ తాడు బిగుసుకుంది. ముడి విప్పబోతే తడిసిన తాడు నా గోళ్ళకు లొంగలేదు. మోకాళ్ళదాకా నీరు వచ్చింది. తాత కత్తితో తాడు తెగగోశాడు. ఒక చేత్తో గడను పట్టుకొని, దోనె ముందుకొసను దానికి చేర్చి, మిగిలిన తాడుతో జారుముడి వేశాడు. దోనె గాలికి ఎదురుగా తిరిగి నిలిచింది. అలలు రెండుగా చీలి ప్రక్కలకు జారిపోయాయి.

ఒడ్డు చేరాక తాత నన్ను కోప్పడలేదు. “భయమేసిందని చెప్పుంటే నేనే కట్టేవాణ్ణిగా బాబూ! కట్టేటప్పుడే విప్పడం గురించి ఆలోచించాలి” అన్నాడు.

తరువాతి కాలంలో నేను ఈ విషయం గురించి చదివి తెలుసుకున్నాను. లంగరు నేలను పట్టాలంటే నీటి లోతుకు అనేక రెట్లు పొడవైన తాడు వదలాలి. తాడు నిటారుగా ఉంటే లంగరు పైకి లేస్తుంది. ఏటవాలుగా ఉంటే నేలలోకి దిగుతుంది. అడుగు అందని నడిసముద్రంలో గరాటువంటి గుడ్డసంచిని నీటిలోకి వదులుతారు. అది నీటితో నిండి, పడవ వేగాన్ని తగ్గించి, ముందుకొసను అలలకు ఎదురుగా నిలుపుతుంది. కయాక్ వంటి చిన్న పడవలలో చేపలు పట్టేవారికీ ఇదే ఆధారం. దానిని కూడా పడవ నడుమ కట్టరాదు. ఆపదలో క్షణంలో విడిపోయేలా కట్టాలి.

‘లంగరు’ పారసీకం నుండి మనకు వచ్చిన మాట అని విద్యార్థులకు చెప్పేటప్పుడల్లా ఆ తాత గుర్తుకు వస్తాడు. నాడు దోనెను ముంచబోయినది గాలి కాదు. భయాన్ని దాచుకొని నేను వేసిన ముడి. తెలియనిదానిని తెలియదని, భయాన్ని భయమని చెప్పగలగడం ఆనాడే నేర్చుకున్నాను. ఈత మాత్రం ఆ మరుసటి వేసవిలో, మా ఊరి మోటబావిలో నేర్చుకున్నాను.