కిరాయి ఇంటి పూచీ

బేగంపేట.

ప్రియ నేస్తమా,

నీ ఉత్తరం చేరింది. మీ పక్క ఫ్లాటులో పెద్దాయన కిరాయిని డబ్లిన్ కౌన్సిలే నేరుగా ఓనరుకు కడుతుందనీ, ఆయన తన రాబడిని బట్టి కొంత కౌన్సిల్‌కు చెల్లిస్తాడనీ రాశావు. ఆ నాలుగు ముక్కలే నా బుర్రలో తిరుగుతున్నాయి. ఆ సంగతేమిటో కూర్చుని చదివాను.

ఐర్లండ్‌లో కిరాయి కట్టలేనివాళ్లకు సర్కారు ఇచ్చే సాయం మొదట్లో కొన్నాళ్ల ఆసరా మాత్రమేనట. ఉద్యోగం పోయినవాళ్లు మళ్లీ నిలదొక్కుకునేదాకా అన్నమాట. తీరా చూస్తే ఎంతోమంది ఏళ్ల తరబడి దాని మీదే ఉండిపోయారు. దాంతో 2004లో కొత్త ఏర్పాటు తెచ్చారు. 18 నెలలు దాటి ఆ సాయం మీద బతుకుతూ, సొంతంగా ఇల్లు చూసుకోలేని కుటుంబాలను కౌన్సిళ్లకు అప్పగించారు. కౌన్సిలే ఓనరుతో ఒప్పందం రాసుకుంటుంది. ఇల్లు మనుషులు ఉండేలా ఉందో లేదో చూస్తుంది. ఓనరు మధ్యలో తప్పుకుంటే ఆ కుటుంబానికి ఇంకో ఇల్లు వెతకడం కూడా కౌన్సిల్ పనే. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ చివరి మాట.

మన దగ్గర ఆ పూచీ ఎవరిదీ కాదు. బ్రాహ్మణవాడిలో మన సందు చివర ఒక్క గదిలో ఉండే ఆవిడ గుర్తుందా, కుందన్‌బాగ్ వైపు ఇళ్లల్లో పనికి పోతుంది? పిల్లలిద్దరూ ఇక్కడి సర్కారు బడిలోనే చదివారు. బేగంపేట దాటి ఎక్కడికీ పోలేదు గానీ ఇల్లు మాత్రం మారుతూనే ఉంది. ఓనరు కొడుక్కి పెళ్లి కుదిరితే ఖాళీ చెయ్యాలి. పైన అంతస్తు వేస్తామంటే ఖాళీ చెయ్యాలి. అమీర్‌పేట కోచింగులకొచ్చే పిల్లలకు మంచానికింతని ఇస్తే ఎక్కువ గిట్టుబాటు అనిపిస్తే, అప్పుడూ ఖాళీ చెయ్యాలి. వానాకాలం నాలా పొంగితే నీళ్లు ముందు ఆ గదిలోకే వస్తాయి, ఆ నెల కిరాయిలో మాత్రం రూపాయి తగ్గదు. పదకొండు నెలల అగ్రిమెంటైనా ఆమెకు ఎవరూ రాసివ్వలేదు.

ఇలాంటివాళ్లకు సర్కార్లు ఏమీ చెయ్యలేదని అనను. డబుల్ బెడ్‌రూమ్ పథకం కింద ఒక్క గ్రేటర్ హైదరాబాద్‌కే లక్ష ఇళ్లు అనుకున్నారు. 2023 జూన్‌లో నగరం బయట కొల్లూరులో ఒకే చోట 15,660 ఇళ్లు ప్రారంభించారు. ఇళ్లు బాగున్నాయి, 560 చదరపు అడుగులు, గాలీ వెలుతురూ ఉన్నాయి. కానీ బేగంపేటలో పొద్దున ఆరింటికి గిన్నెలు తోమాల్సిన మనిషి కొల్లూరు నుంచి ఎన్నింటికి బయల్దేరాలి? లింగంపల్లిదాకా వచ్చి రైలెక్కాలి, ఆ పైన నడక. వచ్చే జీతంలో దారి ఖర్చు ఎంత పోతుందో నువ్వే లెక్క వేసుకో. అందుకే లాటరీలో ఇల్లొచ్చినవాళ్లు కొందరు దానికి తాళం వేసి, మళ్లీ బస్తీలోనే కిరాయికి ఉంటున్నారు. వాళ్లను తప్పుపట్టేవాళ్లంటే నాకు కోపం. పని ఉన్నచోటే కదా మనిషి ఉండగలిగేది!

ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షలిస్తున్నారు, అయితే సొంత జాగా ఉండాలి. బేగంపేటలో కిరాయికుండేవాళ్లకు జాగా ఎక్కడిది? జాబితాలో వాళ్లను ఎల్-2 అని విడిగా రాసుకున్నారు. అంటే ఎవరు, ఎంతమంది అన్నది సర్కారుకు తెలుసు. తెలిసీ వాళ్ల సంగతి జాబితా దగ్గరే ఆగిపోతోంది.

ఉన్నచోటే ఇల్లివ్వడం ఈ నగరానికి చేతకాని పని కాదే. బన్సీలాల్‌పేట ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లు తీసేసిన జాగాలోనే 396 ఇళ్లు కట్టి 2015లో ఇచ్చారు. కిరాయి ఇళ్లు నడపడం కూడా కొత్తేమీ కాదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో నిజాం సర్కారు పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలు తీసేసి, ఇళ్లు కట్టించి తక్కువ కిరాయికిచ్చింది. 2020లో కేంద్రం కూడా ఖాళీగా పడున్న సర్కారు ఇళ్లను 25 ఏళ్లపాటు కిరాయికి నడపవచ్చని పథకం తెచ్చింది. చండీగఢ్‌లో అలా 2,195 ఇళ్లు వాడకంలోకి వచ్చాయి. 2024లో మొదలైన రెండో విడత పీఎం ఆవాస్ పట్టణ పథకంలో కిరాయి ఇళ్లకంటూ విడిగా ఒక భాగం పెట్టారు.

నేనడిగేది ఇదీ: లాటరీ ఇళ్లు కట్టేవి కట్టనీ. ఈలోగా జీహెచ్ఎంసీ ఇక్కడే, ప్రకాశ్‌నగర్‌లో, రసూల్‌పురాలో, బల్కంపేటలో ఓనర్ల దగ్గర గదులు ఏళ్ల లెక్కన తీసుకోవాలి. పనిచేసి బతికే కుటుంబాలకు వాటిని ఇవ్వాలి. వాళ్ల రాబడిలో మోయగలిగినంత తీసుకుని మిగతాది తాను భరించాలి. నెలనెలా కిరాయికి భరోసా ఉంటే ఓనరుకు మాత్రం చేదా?

ఒక జాగ్రత్త కూడా మీ దేశమే నేర్పింది. 2014లో అక్కడ తెచ్చిన ఇంకో పథకంలో కౌన్సిల్ కిరాయి కడుతుంది గానీ, ఇల్లు వెతుక్కునే భారం కిరాయిదారు మీదే ఉందట. పైగా సాయం అందింది కాబట్టి ఇంటి అవసరం తీరిపోయినట్టే లెక్క, కౌన్సిల్ ఇళ్ల అసలు జాబితాలోంచి పేరు తీసేస్తారట. ఇక్కడ అలా జరగకూడదు. డబ్బు చేతిలో పెట్టి పొమ్మంటే, కులం అడిగి, మతం అడిగి, మాంసం తింటారా అని అడిగి వాకిట్లోంచే పంపించే ఊరు మనది. ఒప్పందం మీద కార్పొరేషన్ సంతకమే ఉండాలి. కిరాయి ఇల్లు దొరికిందని సొంతింటి జాబితాలోంచి పేరు కొట్టెయ్యకూడదు.

మా పొదుపు సంఘం ఆడవాళ్లం సోమవారం ప్రజావాణిలో ఇవ్వడానికి వినతిపత్రం రాస్తున్నాం. మీ కౌన్సిల్ ఓనర్లతో రాసుకునే ఒప్పందం నమూనా ఎలాగైనా సంపాదించి పంపవే. ముఖ్యంగా ఓనరు తప్పుకుంటే కౌన్సిల్ ఏం చెయ్యాలో రాసిన పేజీ మర్చిపోకు. తెలుగులోకి నేను రాసుకుంటాను.

ఉంటాను,
నీ బేగంపేట నేస్తం