వినోదవనములో బెదురు

1955వ సంవత్సరమున కాలిఫోర్నియాలోని అనహైమ్ నగరమందు డిస్నీలాండు వెలసెను. అచటికి వచ్చు పిల్లలలో కొందరు ద్వారముకడనే తల్లి చేయి విడువక వణకుదురు. “ఇంత ధనము వెచ్చించి వచ్చితిమే!” యని తండ్రి విసుగుకొనును. విసుగునకు బెదురు తీరునా? ఎరుగని దానియెడలనే బెదురు మెండు. కావున ఏ బండి ఎట్లు పోవునో, ఎచ్చట చీకటి యగునో, ఎచ్చట కేకలు వినవచ్చునో ముందునాడే చెప్పవలెను. బండి పల్లమునకు దిగునపుడు కడుపు తేలినట్లుండుట దేహధర్మమే కాని అపాయము కాదని తెలిసిన బిడ్డకు సగము ధైర్యము కలుగును. 1966లో అచట నెలకొల్పిన ‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’ పడవ తొలుత ఎక్కుటకు తగినది. నానాదేశముల వేషములు దాల్చిన బొమ్మలు పాడుచుండగా అది మెల్లగా సాగును. వేగముగ పోవు బండ్లను వెలుపల నిలిచి చూడనిచ్చిన చాలును. “ఎక్కను” అన్న మాటను పెద్దలు మన్నించినచో, సాయంకాలమునకు ఆ బిడ్డయే ఎక్కెదనని అడుగవచ్చును. అడుగకున్నను నష్టము లేదు. పడవలో నవ్వుచునే యుండెను గదా!