డిచ్‌పల్లి గుట్టమీద రెండు గ్రహణాలు

ఫోటో తీయడాన్ని మన భాషలో ఛాయాగ్రహణం అంటాము. చంద్రుణ్ణి నీడ కమ్మడాన్ని చంద్రగ్రహణం అంటాము. రెంటిలోనూ ఉన్నది పట్టుకోవడమే. చంద్రుణ్ణి పట్టేది భూమి ఛాయ. ఆ ఛాయను పట్టేది కెమెరా. ఈ రెండు గ్రహణాలనూ ఒక్క రాత్రే చూడాలన్న కోరికతో 2025 సెప్టెంబరు 7వ తేదీ, ఆదివారం సాయంత్రం, నేనూ నా శిష్యుడొకడూ నిజామాబాదు నుంచి డిచ్‌పల్లికి బయలుదేరాము. కెమెరా అతనిది, మూడుకాళ్ళ స్టాండు అరువుది, ఉత్సాహం మాత్రం నాది.

డిచ్‌పల్లి నిజామాబాదుకు సుమారు పదిహేను కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి నాగపూరు పోయే జాతీయ రహదారి దీని పక్కగానే పోతుంది. 1915లో ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు ఇక్కడ నెలకొల్పిన కుష్ఠువ్యాధి ఆసుపత్రి ఈ ఊరి పేరును దూరదేశాలకు తెలిపింది. 2006లో వచ్చిన తెలంగాణ విశ్వవిద్యాలయం ఈనాటి విద్యార్థులకు తెలిపింది. ఈ రెంటికీ ఎన్నో వందల ఏండ్ల ముందునుంచీ ఉన్నది గుట్టమీది రామాలయం. కాకతీయ శిల్పరీతిలో 14వ శతాబ్దిలో కట్టారని చెబుతారు. నూరు పైచిలుకు మెట్లెక్కి పోవాలి. గోడలమీది శృంగార శిల్పాలను చూచి దీనిని ‘ఇందూరు ఖజురహో’ అన్నారు. ఇందూరు అంటే నిజామాబాదుకు పాత పేరు. ఆ పేరు ఇంద్రుని వల్ల వచ్చిందంటారు గాని, ఆ రాత్రికి మాత్రం నేను దానిని ఇందుని ఊరే అనుకున్నాను!

అప్పటికి మా జిల్లా వానల దెబ్బనుంచి ఇంకా తేరుకోలేదు. ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి, నిజామాబాదు జిల్లాల్లో కుండపోత కురిసి, రైలు కట్ట కూడా కోతపడింది. ముందురోజే వినాయక నిమజ్జనం. గ్రహణం రోజున గుళ్ళన్నీ మూసివేశారు. తిరుమలలోనే మధ్యాహ్నం మూడున్నరకు తలుపులు మూశారంటే, మా గుట్టమీది రాముని సంగతి చెప్పేదేముంది? ఎనిమిది గంటలకే వీధులు బోసిపోయాయి.

గుట్టకు ఉత్తరాన మేము స్టాండు పాతుతూ ఉంటే, ఎదురింటి అరుగుమీదినుంచి ఒక ముసలమ్మ పలకరించింది.

“ఏం సారూ, గ్రహణం పూట బయట తిరుగుతున్నరు? ఇంట్లకు పోండ్రి.”

“ఫోటో తీద్దామని వచ్చినం, అవ్వా.”

“మీరు మొగోళ్ళు, మీకేం! నా కోడలు కడుపుతోటి ఉన్నది. కిటికీ సుత తెరవనిస్తలేను.”

చంద్రగ్రహణాన్ని ఉత్త కంటితో చూడవచ్చుననీ, సూర్యగ్రహణం వలె కంటికి చేటు కాదనీ, నీడవల్ల కడుపులోని బిడ్డకు హాని జరిగిందనడానికి ఏ ఆధారమూ లేదనీ చెప్పాను. అవ్వ విన్నది. విని, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

పాఠకులలో కెమెరా ఉన్నవారికి ఇక్కడొక చిక్కు చెప్పాలి. నిండు పున్నమి చంద్రుడు ఎండలో ఉన్న రాయి. అతనిని తీయడానికి సెకనులో నూరోవంతు చాలు. కాని ఆ క్షణంలో గుడి కేవలం చీకటి ముద్ద. గుడి కనబడేటట్లు కొన్ని సెకన్లు తీస్తే, చంద్రుడు తెల్లని బొట్టుగా చెదిరిపోతాడు. అందుచేత పున్నమినాడు గుడినీ చంద్రుణ్ణీ ఒక్క పటంలో న్యాయంగా కూర్చోబెట్టడం కష్టం. సంపూర్ణ గ్రహణంలో ఆ వెలుగు వేలాది రెట్లు తగ్గుతుంది. అప్పుడే గుడి, చంద్రుడు, వెనుక చుక్కలు ఒకే పంక్తిలోకి వస్తాయి. ఊరివారంతా తలుపులు మూసుకున్న గంటలోనే ఈ అవకాశం!

9 గంటల 57 నిమిషాలకు నీడ అంచు తగిలింది. పంచాంగం చెప్పిన వేళా, శాస్త్రజ్ఞులు చెప్పిన వేళా ఒకటే. మొదట మా కుర్రవాడు 300 మిల్లీమీటర్ల కటకం పెట్టాడు. దాని గుండా కూడా చంద్రబింబం లోపల పడేది మూడు మిల్లీమీటర్ల లోపే. చంద్రుడు తన వెడల్పంత దూరం రెండు నిమిషాల్లో జరిగిపోతాడు గనుక, ఎక్కువసేపు తెరిచి ఉంచితే బొమ్మ అలుక్కుపోతుంది. మీట నొక్కిన అదురు తగలకుండా రెండు సెకన్ల తర్వాత తనంతట తానే తెరుచుకొనే ఏర్పాటు చేశాడు. తేమకు కటకం మసకబారుతుంటే మెత్తని గుడ్డతో తుడవడం నా ఉద్యోగం.

11 గంటలకు సంపూర్ణ గ్రహణం మొదలయింది. అదే సమయానికి మబ్బూ వచ్చింది! ఉన్నది 82 నిమిషాలు. చంద్రుడు సగానికి మించి ఎత్తున ఉన్నాడు. గుడి కూడా పటంలోకి రావాలంటే 18 మిల్లీమీటర్ల వెడల్పు కటకం పెట్టి, కెమెరాను నిలువుగా తిప్పి, గుట్ట మొదట్లో కూర్చొని పైకి చూడాలి. అలాగే కూర్చున్నాము. రాహువును వదిలించుకొనే వేళకు లెక్క ఉంది గాని, మబ్బుకు లెక్క ఎక్కడిది? పదకొండున్నర దాటింది. కుర్రవాడు గోళ్ళు కొరుకుతున్నాడు. పన్నెండుకు కొంచెం ముందు మబ్బు చీలింది. రాగిచెంబు రంగున చంద్రుడు! భూమి చుట్టూ ఉన్న గాలి నీలికాంతిని చెదరగొట్టి, ఎర్రకాంతిని నీడలోకి వంచుతుంది. అంటే ఆ వేళ ప్రపంచంలో ఎక్కడెక్కడ పొద్దు పొడుస్తూ, పొద్దు గుంకుతూ ఉన్నదో, ఆ ఎరుపంతా చంద్రునిమీద పడుతుందన్నమాట. రెండేసి సెకన్ల చొప్పున పదకొండు ఫోటోలు తీసేసరికి మళ్ళీ మబ్బు మూసుకుంది.

హైదరాబాదులో 1901లో స్థాపించిన నిజామియా నక్షత్రశాల వారు గాజుపలకల మీద ఆకాశాన్ని ఫోటో తీసి, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు ప్రకటించారు. అంతటి పని ముందు మా పదకొండు ఫోటోలు ఎంత? శాస్త్రానికి వాటివల్ల ఒరిగేది లేదు. అయినా అవి ఎవరికి అవసరమో కాసేపట్లోనే తెలిసింది.

సామాను సర్దుతుంటే ఎదురింటి తలుపు ఓరగా తెరుచుకుంది. అవ్వ చెయ్యి చాచింది.

“బిడ్డ మొదటిసంది ఒక్కతీరుగ అడుగుతున్నది. బయటికైతే పంపను. ఆ డబ్బల పడ్డదేందో చూపియ్యి.”

కుర్రవాడు కెమెరాను గడపలోనే అందించాడు. లోపలి చీకటిలో ఆ చిన్న తెర వెలుగు ఒక పడుచు ముఖంమీద పడింది. గుట్ట, గుడి, ఎర్రని చంద్రుడు. “అయ్యో, మన గుడే!” అన్నది. ఆమె తరువాత అవ్వ కూడా తొంగి చూచింది.

మళ్ళీ ఇటువంటి సంపూర్ణ చంద్రగ్రహణం మొదటినుంచి చివరిదాకా మనకు కనబడేది 2028 డిసెంబరు 31న. రాత్రి 9 గంటల 46 నిమిషాలనుంచి సుమారు 71 నిమిషాలు చంద్రుడు ఎర్రగా ఉంటాడు. చలికాలం గనుక మబ్బు బెడద తక్కువ. ఆ అవ్వ మనుమడో, మనుమరాలో అప్పటికి మూడేండ్లవారవుతారు. వారిని ఎత్తుకొని ఆ తల్లి వాకిట్లోకి వస్తుందేమో. మీరూ మీ ఊరి గుడినో, చింతచెట్టునో, చెరువుగట్టునో ఇప్పటినుంచే చూచిపెట్టుకోండి.