పసుపు నీళ్లలో పారాణి

మొన్న డాలస్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాళ్లింటి స్విమ్మింగ్ పూల్‌లో ఉప్పు వేస్తారట, లీటరుకి మూడు నాలుగు గ్రాములు. సముద్రంలో ఉండే ఉప్పులో పదో వంతు. కరెంటు పంపితే దాంట్లోంచే క్లోరిన్ పుడుతుంది. "మావయ్యా, ప్లగ్గుకీ పూల్‌కీ మధ్యలో ఈ బరువైన పెట్టె దేనికి? ప్లగ్గులోంచి వైరు నేరుగా లాగితే?" అన్నాడు.

"ఆ పని మాత్రం చెయ్యకురా, ప్రాణం పోతుంది" అన్నాను ముందు. పైగా క్లోరిన్ కూడా సరిగా రాదు.

ఎందుకు రాదో చూడాలంటే మీరూ ఓ గ్లాసు నీళ్లలో రెండు చెంచాల ఉప్పు, చిటికెడు పసుపు కలపండి. రెండు వైపులా చెక్కిన పెన్సిళ్లు రెండు, 9 వోల్టుల బ్యాటరీ ఒకటి, వైర్లు రెండు చాలు. పెన్సిళ్ల పైమొనలని వైర్లతో బ్యాటరీకి కలిపి, కింది మొనలు నీళ్లలో ముంచండి. కిటికీ తీసి ఉంచండి. మైనస్ పెన్సిలు మొన దగ్గర హైడ్రోజన్ బుడగలు జలజలా లేస్తాయి, చుట్టూ పసుపు ఎర్రబడుతుంది. అచ్చం పారాణే! పారాణిలో సున్నం చేసే పని ఇక్కడ కాస్టిక్ సోడా చేస్తుంది. ప్లస్ వైపు బ్లీచింగ్ పౌడర్ వాసన. మనకి కావలసింది అదే.

ఇప్పుడు వైర్లు అటువి ఇటు మార్చండి. ఎరుపు రెండో పెన్సిలు దగ్గర మొదలవుతుంది. మన ఇంటి ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు ఇలా దిశ మారుస్తుంది, వాడి ఊళ్లో 120 సార్లు. పూల్‌లో పెన్సిళ్ల బదులు టైటానియం పలకలుంటాయి. ఏసీ అయితే పుట్టిన క్లోరిన్ పలక వదిలి నీళ్లలోకి వెళ్లేలోపే చాలావరకు తిరిగి ఉప్పులో కలిసిపోతుంది. నీళ్లు వేడెక్కుతాయి, పలకల మీది పూత పాడవుతుంది. అందుకే ఆ పెట్టె వోల్టేజి తగ్గించి, కరెంటుని ఒకే దారిన నడిపే డీసీగా మారుస్తుంది. ఒక ఆంపియరు గంటసేపు నడిస్తే గట్టిగా 1.3 గ్రాముల క్లోరిన్.

విచిత్రమేమిటంటే, కొన్ని గంటలకోసారి ఆ పెట్టే కావాలని దిశ మారుస్తుంది, పలకకి పట్టిన సున్నం పెచ్చు ఊడిపోవాలని. అంటే మారడంలో తప్పులేదు, ఆ వేగంలోనే ఉంది.

మన సగ్గొండలో ఆంధ్రా షుగర్స్ వాళ్లు, బలభద్రపురంలో గ్రాసిం వాళ్లు కాస్టిక్ సోడా తీసేదీ ఈ ఉప్పునీళ్లలోంచే, ఇదే డీసీతో. కాకపోతే అక్కడ సోడానీ క్లోరిన్‌నీ కలవనివ్వరు. పూల్‌లో అవి కలిసే నీళ్లని శుభ్రం చేస్తాయి.

ఆ సాయంత్రానికి మేనల్లుడు తనూ ఈ ప్రయోగం చేసి ఫొటో పంపాడు. ఒక పెన్సిలు చుట్టూ ఎర్రటి చార. "రెండో వైపు పసుపు తెల్లబడిపోతోందేంటి మావయ్యా?"

"అదేరా క్లోరిన్."