మంగళగిరిలో కాలినడక

గుంటూరునుండి విజయవాడకు పోవు రైలులో కూర్చున్నవానికి మంగళగిరి స్టేషను రాకముందే గాలిగోపురము కానవచ్చును. బండి దిగినవాడు సహజముగా ఆ గోపురమువైపే అడుగు వేయును. కాని ఆ ఊరిని నడచి చూడగోరువాడు ముందుగా కొండ యెక్కుట మేలు. పానకాల నరసింహస్వామి గుడిలో మధ్యాహ్నము మూడు గంటలు దాటిన పిమ్మట పూజ జరుగదు. రాత్రివేళ దేవతలు వచ్చి స్వామిని అర్చింతురని అచటివారి నమ్మకము.

మెట్లు చాల కలవు. ఎండ అంతకంటె ఎక్కువ. గుడిలో నిలువెత్తు విగ్రహము లేదు. కొండరాతిలో తెరచిన నోరు, దానికి తొడిగిన లోహపుముఖము మాత్రమే కానవచ్చును. అర్చకుడు శంఖముతో ఆ నోట పానకము పోయును. గుటకలు వేసినట్లు శబ్దము వినవచ్చి, కొంతసేపటికి నిలిచిపోవును. బిందె పెద్దదైనను చిన్నదైనను స్వామి సగమే గ్రహించి, తక్కిన సగము భక్తులకు విడుచునని ప్రతీతి. ఇంత బెల్లపునీరు ఒలికినను చీమ చేరదని కూడ చెప్పుదురు. మెట్లెక్కి అలసినవాడు ఆ మాటను పరీక్షింపబోడు. చేయి చాచి ప్రసాదము త్రాగును.

ఆ పానకములో బెల్లము, ఏలకులు, మిరియములు ఉండును. ఇచట ఒక వింత కలదు. గుంటూరుసీమ యనగానే ఎవరికైనను మిరపకాయ తోచును. ఆసియాఖండములోని పెద్ద మిరప విపణులలో గుంటూరు ఒకటి. అయినను మిరప ఈ దేశపు పంట కాదు. అమెరికాఖండమున పుట్టి, పోర్చుగీసువారి ఓడలలో 16వ శతాబ్దమున మన తీరము చేరినది. అంతకు పూర్వము వంటకు కారమిచ్చినది మిరియమే. మిరపకాయ యను పేరే దానిని జ్ఞప్తికి తెచ్చును. చేలు, పచ్చళ్లు, వీథిమొగ బజ్జీలమూకుడు అన్నియు క్రొత్తకాయకు వశమైనవి. స్వామి పానకము మాత్రము పాతరుచిని విడువలేదు.

కొండ దిగినచో గాలిగోపురము. 1807–09 సంవత్సరములలో వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు దీనిని కట్టించెను. పదునొకండు అంతస్తులు; ఎత్తు 153 అడుగులు. ఈ ప్రభువే అమరావతిలో క్రొత్తపట్టణము నిర్మింపగా, అచటి బౌద్ధస్తూపపు దిబ్బను త్రవ్వి రాళ్లను ఇటుకలను వాడుకొనిరి. గోపురమును మెచ్చుకొనువారు దీనిని సాధారణముగా ప్రస్తావింపరు.

గోపురము దాటి సందులలో ప్రవేశించినచో మగ్గముల చప్పుడు వినవచ్చును. నేలలో గుంత, అందు కాళ్లుంచి నేతగాడు తొక్కుడుపలకలను త్రొక్కును. మంగళగిరి నూలుచీరకు నడుమ పువ్వులు, బుటాలు తరచుగా ఉండవు. అందమంతయు జరీ అంచులోనే. చేతితో దినముల తరబడి నేసిన చీరవంటిదానిని మరమగ్గము చాల త్వరగా దింపివేయుచున్నది. అంగడిలో రెండును ప్రక్కప్రక్కనే వ్రేలాడును. తెలియనివారు వెల తక్కువదానిని కొందురు; వారిని తప్పుపట్టుట కష్టము. ఊరి చుట్టును క్రొత్త భవనములు, పెద్ద వైద్యసంస్థయు లేచినవి. చదువుకొన్న నేతవాని కుమారుడు గుంతలో దిగుటకు బదులు అటువైపు చూచుచున్నాడు.

నడుమనడుమ ఒక మగ్గము చప్పుడు హఠాత్తుగా ఆగును. పడుగుదారము తెగినదన్నమాట. లోపలి వృద్ధుడు కండ్లద్దములు సవరించుకొని, ముందునకు వంగి, వ్రేళ్లతో వెదకి ముడివేయును. నాడె మరల కదలును.